పలికితేనే లెక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, అక్క, ఎదురింటి సలోమి అత్త, నేను. నాన్న మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు, అమ్మ ఆయన నడుముకి కాపడం పెడుతోంది. సలోమి అత్త అమ్మ జాకెట్టు కొలత తీసుకోవడానికి వచ్చి, ఆ సంగతి మరిచిపోయి గుమ్మంలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. అక్క అలమార సొరుగులో చార్జరు వెతుకుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. నేను ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు కాబట్టి నన్ను చివర రాశాను.

చార్జరు దొరకలేదు. నా డైరీలు దొరికాయి.

మా నాన్న వంతెనల దగ్గర వెల్డరు. వంతెన పూర్తయితే ఊరు మారాలి. నేను పదో తరగతి దాకా ఇంకొల్లు పక్కన మా పల్లెలో అమ్మమ్మ దగ్గర చదువుకున్నాను. వేసవి సెలవులకి అమ్మానాన్నలు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు వెళ్ళేదాన్ని. కొత్త ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడలేను. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే కూర్చుంటుంది. అందుకని కిటికీ దగ్గర కూర్చుని విన్నవన్నీ రాసుకునేదాన్ని. ఇల్లు ఎలా ఉంది, అద్దె ఎంత, ఎవరు అమ్మని ఏమని పిలిచారు. అంతే.

అక్క మంచం అంచున కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"కర్నూలు. డాబా మీద ఒక గది. అద్దె రెండు వేల ఎనిమిది వందలు. నీళ్ళు రోజు మార్చి రోజు. కింది ఇంటామె తెల్లారకముందే లేపుతుంది. 'ఒదినా, నీళ్లొచ్చినాయ్, బిందెలెత్తుకోని రా' అంటుంది. ఈ రోజు అమ్మని పదకొండుసార్లు ఒదినా అంది. ఒకసారి తిట్టేటప్పుడు కూడా ఒదినా అనే తిట్టింది."

సలోమి అత్త పకపకా నవ్వింది. "అబ్బో, నోట్లో మాట లేదు గానీ దీని చేతిలో ఇంతుందా."

నేను నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"వరంగల్. రెండు గదులు, నాలుగు వేలు. పక్కింటామె అమ్మని చెల్లె అంటుంది. 'తిన్నవా చెల్లె? ఏం కూర?' అని రోజూ అడుగుతుంది. కూర పేరు చెప్పేదాకా కదలదు. రాజమహేంద్రవరం. ఐదు వేలు. ఎదురింటావిడ 'ఏవండీ పిన్నిగారూ' అంటుంది. ఆవిడ అమ్మకంటే పదేళ్ళు పెద్ద."

"ఆవిడ జుట్టుకి రంగేసుకునేది లెండి" అంది అమ్మ.

తర్వాతి పేజీ దగ్గర అక్క గొంతు తగ్గింది. "హైదరాబాదు. తొమ్మిదో అంతస్తు. కంపెనీ వాళ్ళు నాన్న జీతంలోంచి పద్నాలుగు వేలు కోస్తారు. ఇక్కడ అమ్మని ఎవరూ ఏమీ అనరు. లిఫ్టులో ఒకామె 'నైన్ నాట్ ఫోరా?' అని అడిగింది. అమ్మ అవునంది."

ఆ పేజీ తర్వాత ఏమైందో మా అందరికీ తెలుసు. నేను పల్లెకి వెళ్ళిపోయాక, అక్క హాస్టల్లోనూ నాన్న వేరే చోట పనిమీదా ఉండగా, అమ్మకి జ్వరం వచ్చి తలుపు దగ్గర పడిపోయింది. రెండు రోజులు అక్కడే ఉంది. లిఫ్టు పైకీ కిందకీ తిరగడం వినపడుతూనే ఉందట. మూడో రోజున గుమ్మం ముందు పాల ప్యాకెట్లు దారికి అడ్డంగా ఉన్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే వాచ్‌మన్ వచ్చి తలుపు తీయించాడు. అప్పటినుంచి అమ్మకి ఎడమ చెవి వినపడదు.

అక్క నివాస పరిశోధనశాలలో చేరింది అందుకే. అద్దె ఇంటి ప్రకటనలో గదులు ఎన్నో, కుళాయి ఉందో లేదో, బండి పెట్టుకునే చోటు ఉందో లేదో రాస్తారు. పడిపోతే తలుపు కొట్టే మనిషి ఆ వీధిలో ఉన్నారో లేరో రాయరు. అది కొలిచే మీటరు తయారుచేయాలని అక్క పట్టు. తలుపులు ఎన్నిసార్లు తెరుచుకుంటాయో రెండేళ్ళు లెక్కపెట్టింది. కుళాయి దగ్గర కొట్లాడుకునే వీధికి మొదటి స్థానం వచ్చింది. గుమ్మాల దగ్గర ఎంతసేపు నిలబడతారో లెక్కపెట్టింది. అప్పులవాళ్ళు ఎక్కువగా వచ్చే వీధి గెలిచింది.

ఆ రోజు మంచం అంచునే కూర్చుని అక్క ఒక కాగితం మీద నా డైరీలోని ఊళ్ళన్నీ ఒక వైపు, అద్దెలు మధ్యలో, పిలుపులు ఇంకో వైపు రాసింది. అద్దె పెరిగినకొద్దీ పిలుపులు తగ్గాయి. చివర్న మేం ఉంటున్న విజయవాడ, దూదిమిల్లు సందు. ఆరు వేలు. ఆ ఊరికి అది తక్కువ అద్దే, సందు మొత్తం మీద రోజుకి యాభై మూడు పిలుపులు.

"చుట్టాలు కానివాళ్ళని చుట్టరికం పెట్టి పిలవడం" అంది అక్క తనలో తాను అనుకుంటున్నట్టు. "నేను తలుపుల వెంట తిరుగుతున్నానే హైమా. లెక్కపెట్టాల్సింది ఇది. ఈ పుస్తకాలు తీసుకెళ్తున్నాను."

నేను వద్దనలేదు. వద్దనడానికి కూడా నోరు రావాలి.

సలోమి అత్త పొట్టు దులుపుకుంటూ లేచింది. "అందులో నేనెక్కడున్నానే?"

అక్క వెతికి చదివింది. "సందులోకి వచ్చిన మొదటి రోజు ఎదురింటి కుట్టుమిషను ఆమె మంచినీళ్ళ బిందె తెచ్చింది. 'నన్ను అత్తా అనవే, నోరేం అరిగిపోదు' అంది. నాకు నోరు రాలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను. అత్త."

"పుస్తకంలో అత్తనా? వచ్చి ఏడాదైంది, ఒక్కసారైనా నీ నోటితో అనిపించుకుంటానో లేదో" అంది సలోమి అత్త. కొలత తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

*

మీటరు మొదటిసారి పనిచేసిన రోజు నేను అక్కకి కారియరు తీసుకెళ్ళాను. మీటరు చొక్కా బొత్తామంత ఉంది. దానికి చిన్న ఆకుపచ్చ దీపం. మాటలు దాచుకోదు, ఎవరు ఏం మాట్లాడుకున్నారో దానికి అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎవరున్నారో జాబితా ఇస్తే చాలు. ఆ ఇంటివాళ్ళు కానివాళ్ళని అక్క, బాబాయి, తాత అని పిలిస్తే దీపం వెలిగి ఒకటి లెక్క వేసుకుంటుంది.

"పోలయ్య గారిని తాతా అని పిలువు" అంది అక్క. పోలయ్య గారు అక్కడి అటెండరు, బల్లలు తుడుస్తున్నాడు.

నేను నోరు తెరిచాను. గాలి మాత్రం వచ్చింది.

"పిలవకపోతే ఏంలే తల్లీ, నేను పలుకుతాలే. ఓయ్" అన్నాడాయన. దీపం వెలగలేదు.

అక్క నవ్వి తనే "తాతా" అంది. ఆయన గుడ్డ పిండుకుంటూ వినిపించుకోలేదు. దీపం వెలిగింది. అక్క నవ్వు ఆగిపోయింది. ఆ దీపం వైపు చూస్తూ, "ఇది తప్పు. తొమ్మిదో అంతస్తులో అమ్మ కూడా పిలిచే ఉంటుంది" అంది.

ఆ సాయంత్రం మీటరుకి కొత్త నియమం నేర్పింది. పిలిస్తే లెక్క కాదు. అవతలివాళ్ళు ఏమ్మా అనో, ఆఁ అనో, వస్తున్నా అనో పలికితేనే లెక్క. ఆ లెక్కకి పలుకు అని పేరు పెట్టింది. అక్క పైఅధికారి రంగనాయకులు సార్ ఆ పేరు విని చాలా సంతోషపడ్డారు. ఆంటీ, అంకుల్ అన్న మాటలని ఏం చేయాలని పెద్ద చర్చ జరిగి, చివరికి వాటికి అర పలుకు ఇచ్చారు.

మొదటి మీటరు మా సందు స్తంభానికే పెట్టారు. సందు మొదట్లో అంకెలు కనపడే పలక కట్టారు. జనం వచ్చి చూసి పోయేవాళ్ళు. సలోమి అత్త మిషను ఆపి మరీ పలక చూసి వచ్చేది. "నిన్న డెబ్బై ఎనిమిది. అందులో ఇరవై నావే" అని చెప్పుకునేది. మెట్ల పక్క గదిలో వడ్రంగం చేసే వీరాచారి తాతని చిన్నపిల్లలు ఊరికే పిలిచి పలికించి, దీపం వెలిగితే చప్పట్లు కొట్టేవాళ్ళు.

"ఒరేయ్, పలికీ పలికీ నా నోరెండిపోతుందిరా. మజ్జిగ పొయ్యండి" అనేవాడు తాత.

నాలుగు నెలల్లో చాలా ఊళ్ళలో మీటర్లు పెట్టారు. అద్దె ఇళ్ళ కంపెనీ ఒకటి ఆ లెక్కలన్నీ కొనుక్కుంది. ఆ రోజు అక్క పెందలాడే ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా కూర్చుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు నాన్న.

"నా పట్టిక తిరగేశారు నాన్నా. తక్కువ అద్దె ఉన్న చోట పలుకులు ఎక్కువని నేను రాశాను. పలుకులు ఎక్కువున్న చోట తక్కువ అద్దె తీసుకోవడం పొరపాటని వాళ్ళు చదువుకున్నారు."

నాన్న లేచి కూర్చున్నాడు. "అంటే మనం పిలుచుకున్నందుకు మనమే కట్టాలా?"

అక్క లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

*

దూదిమిల్లు సందులో ఇళ్ళన్నీ ఒకే యజమానివి. ఆయన వాటిని కంపెనీకి అప్పజెప్పాడు. ఆరు వేల అద్దె తొమ్మిదిన్నర వేలైంది. వీరాచారి తాత ఒక్క నెల కట్టి, తన పనిముట్ల పెట్టె రిక్షాలో పెట్టుకుని ఊరి చివరికి పోయాడు. ఒకసారి నాన్న వెళ్ళి చూసి వచ్చాడు. అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అనరట.

ఆయన గదినీ పక్క గదినీ కలిపి బాగుచేసి ఒక జంటకి ఇచ్చారు. వాళ్ళు మంచివాళ్ళే. మొదటి వారంలోనే ఇల్లిల్లూ తిరిగి పేర్లు అడిగి తెలుసుకున్నారు. అతను రోజూ ఉదయం గుమ్మంలో నిలబడి నాన్నని "బాబాయ్" అని పిలిచేవాడు. నాన్నకి పలకబుద్ధి అయ్యేది కాదు. పలికితే లెక్క పడుతుంది. పలక్కపోతే అతని మొహం చిన్నబోయేది. ఒకరోజు అతని భార్య సలోమి అత్త దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"మేం ఇక్కడికి ఇంత అద్దె కట్టుకుని వచ్చింది దీనికోసమేనండీ. ఎవరూ పలకరేంటండీ ఆంటీ?"

"అర పలుకు పడింది చూశావా నీ వల్ల" అంది సలోమి అత్త. ఆ అమ్మాయి నవ్విందిగానీ అత్త నవ్వలేదు.

ఆ నెల పన్నెండో తారీఖున కంపెనీ నోటీసు వచ్చింది. నెలాఖరు సాయంత్రం ఆరు గంటలకి, ఆ నెలలో వీధి మొత్తం మీద పడిన లెక్క చూస్తారు. వెయ్యి పలుకులు నిండితే మొదటి తరగతి వీధి. అద్దె పద్నాలుగు వేలు. నిండకపోతే మామూలు తరగతి, అద్దె మళ్ళీ ఆరు వేలకి దిగుతుంది. అప్పటికే పలక మీద ఆ నెల లెక్క తొమ్మిది వందల ముప్ఫై ఒకటి ఉంది.

అందరూ సలోమి అత్త ముందు గదిలో చేరారు. ఆమె ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా కుడుతోంది. ఆమె దగ్గర కుట్టించుకునేవాళ్ళంతా ఆ సందు వాళ్ళూ, ఆ సందు వాళ్ళు చెబితే వచ్చేవాళ్ళూనే. ఆమె భర్త లేచి తిరగలేడు. వేరే చోటికి పోతే మిషను ఉంటుంది గానీ బట్టలు తెచ్చేవాళ్ళు ఉండరు.

"పద్దెనిమిది రోజులే కదా. నోళ్ళు కట్టేసుకుందాం" అంది. "ఒకటో తారీఖు పొద్దున్నే నడి సందులో నిలబడి, గొంతులు బొంగురుపోయేదాకా పిలుచుకుందాం."

"స్తంభం కోసి పారేద్దాం. నా గ్యాసు టార్చి తెస్తా" అన్నాడు నాన్న నడుము పట్టుకుని లేవలేకపోతూ. అందరూ నవ్వారు. మీటరుకి ఏం జరిగినా వెయ్యి నిండినట్టే లెక్కని నోటీసులో రాసి ఉంది.

ఎవరో అక్క వైపు చూసి, "చేసిందంతా ఈ పిల్లేగా" అన్నారు.

"పిల్లదేం చేసిందయ్యా, మంచికే చేసింది" అంది సలోమి అత్త. "దీనికి మన పిలుపుల సంగతి ఎవరు చెప్పారో గానీ, వాళ్ళనాలి."

ఆమె ఆ రోజు డైరీ సంగతి మరిచిపోయి ఉంటుంది. నవ్వుకుని వదిలేసిన మాట ఎవరికి గుర్తుంటుంది. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. చెప్పింది నేనేనని అనాలి. అనలేదు.

*

మొదటి రెండు మూడు రోజులు సరదాగానే గడిచాయి. చప్పట్లు కొట్టి పిలుచుకున్నారు, గిన్నెల మీద గరిటెతో కొట్టారు. సైగలు చేసుకున్నారు. "నాకు ఇదే నయం, ఏ చెవితో వినాలో వెతుక్కోనక్కర్లేదు" అని అమ్మ కూడా నవ్వింది. పేరుకి గారు తగిలించి పిలిస్తే లెక్క పడదని అక్క చెప్పింది. కానీ ఇరవై రెండేళ్ళు వదినా అని పిలిచిన మనిషిని సలోమి గారూ అంటే, ఏదో కోపం వచ్చినట్టు ఉండేది. ఆ పిలుపు కూడా మానేశారు.

అయినా మాట జారేది. పిల్లవాడు కింద పడితే "పిన్నీ" అని అరిచాడు, పక్కింటామె "వస్తున్నానురా" అంది. తొమ్మిది వందల యాభై. పాము కనపడిందని ఒక గోల. తొమ్మిది వందల డెబ్బై. మాట జారినవాళ్ళని మిగతావాళ్ళు ఆ రోజంతా చూసేవాళ్ళు. కళ్ళు కలిస్తే నోట్లోంచి మాట వస్తుందని కళ్ళు దించుకుని నడవడం మొదలైంది. తర్వాత తలుపులు దగ్గరికి వేసుకున్నారు. ఇరవై ఐదో తారీఖు నుంచి సలోమి అత్త మిషను గదిలో లోపలి మూలకి జరిగింది. మిషను చప్పుడు వినపడేది, మనిషి కనపడేది కాదు.

అక్క రంగనాయకులు సార్‌ని కలిసింది. ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళని లెక్కలోంచి తీసేసేలా మీటరుకి నేర్పుతానని బతిమాలింది. సార్ కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించారట.

"మీటరు మనదమ్మా. రేటు వాళ్ళది."

మర్నాడు అక్క బల్ల దగ్గర వేరే అమ్మాయి కూర్చుంది. ఆ వారం అక్క మాకు కొత్త ఇల్లు వెతికింది. ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ పలుకులు లేని చోటే అద్దె తక్కువ. కర్నూలు డాబా గది పది వేలు దాటింది. వరంగల్‌లో మేం ఉన్న ఇంటి ముందు జనం వరస కట్టారట. హైదరాబాదులో పదమూడో అంతస్తున ఒక ఇల్లు మూడు వేలకి దొరికింది. ఆ భవనం మొత్తానికి నెలలో పడిన పలుకులు నాలుగు.

ఆ మాట విని అమ్మ పప్పు ఏరుతూ, "ఈసారి పాల ప్యాకెట్లు వేయించుకోను" అంది. "నెలాఖరు సాయంత్రం లోపల పోదాం. మనం పోతే నాలుగు నోళ్ళు తగ్గుతాయి వీళ్ళకి."

*

నెలాఖరు రోజు మధ్యాహ్నం మూడింటికి మా సామాను వ్యాను ఎక్కింది. సందులో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. మమ్మల్ని పంపించడానికి ఎవరూ బయటికి రాలేదు. కోపంతో కాదు. వస్తే వెళ్ళొస్తాం వదినా అనాలి, మంచిది తమ్ముడూ అనాలి. పలక మీద తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఉంది.

నాన్న మంచం తాళ్ళు బిగిస్తున్నాడు. నేను, అక్క వెనక్కి తెచ్చిన నా మూడు డైరీలూ పట్టుకుని సందు దాటాను. ఏం చెప్పాలో ముందు రాత్రి రాసి, పది సార్లు చదువుకున్నాను. "సలోమి గారూ, మీ పిలుపులన్నీ రాసిపెట్టింది నేను. అక్కని అనకండి. ఈ పుస్తకాలు మీరే ఉంచుకోండి, కాల్చేసినా సరే." గారు తగిలించాను, చుట్టరికం మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాను. నన్ను తిట్టినా పరవాలేదు. చెప్పకుండా వెళ్ళిపోతే ఇంక ఎప్పటికీ చెప్పలేను.

తలుపు కొట్టాను. మిషను ఆగింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆమె మెళ్ళో టేపు వేలాడుతోంది, చేతిలో అమ్మ నీలం జాకెట్టు ఉంది. చేతులు విప్పి కుట్టి, మడత పెట్టి ఉంది. అప్పుడు తీసుకోని కొలత ఎప్పుడు తీసుకుందో, ఎలా తీసుకుందో తెలియదు. ఆమె ఆ జాకెట్టు నా డైరీల మీద పెట్టింది.

నేను రాసుకున్నదంతా పోయింది. మొదటి రోజునుంచీ గొంతులో కూర్చున్న మాట ఒక్కటే బయటికి వచ్చింది.

"అత్తా" అన్నాను.

గట్టిగానే అన్నాను. సందు చివరి దాకా వినపడి ఉంటుంది. నాన్న తాడు వదిలేసి ఇటు తిరిగాడు.

సలోమి అత్త కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. పెదవులు విడ్డాయి. ఏమే అన్న మాటలో మొదటి అక్షరం ఆమె నోటి మీద నాకు కనపడింది, వినపడలేదు. ఆమె నా తల మీదుగా స్తంభం వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను. దీపం వెలగలేదు, ఇంకా ఎదురుచూస్తోంది.

మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తలుపు మూస్తోంది. చప్పుడు కాకుండా మూసింది.